రుచి చూడని సోమవారం

చెస్ట్‌నట్ కాయ వలవడానికి ఏముంది, చేతిలో కత్తి ఉంటే చాలదా అనుకుంటారు. ఏడాది కిందట వాసవి కూడా అలాగే అనుకుంది. వేడినీళ్ళలో నానిన కాయను ఎడమచేత్తో పట్టుకుని, అడుగున గరుకుగా ఉండే చోట కత్తిమొన ఆనించి, పై పెంకును మాత్రమే లేపాలి. దాని కింద గోధుమరంగులో పల్చటి పొర ఇంకోటి ఉంటుంది. దానికి గీత పడకూడదు. పడిందా, మరిగేటప్పుడు కాయ అక్కడే పగిలి ముద్దవుతుంది. ఆ పొరతో సహా పాకంలో ఊరిన నిండు కాయని జపాన్ వాళ్ళు షిబుకవాని అంటారు. ఒక్కో కాయనీ ఒక్కో కాగితపు గిన్నెలో కూర్చోబెట్టి, పెళ్ళికూతుర్ని చూసినట్టు చూస్తారు. గీత పడ్డవాటిని విడిగా ఉడికించి, జల్లెడమీద రుద్ది, పంచదార కలిపి, తడిగుడ్డలో మూటగట్టి మెలిపెడితే కురి కింటోన్ అనే మరో మిఠాయి అవుతుంది. పాడైన కాయ కూడా వాసవి పనిచేసే మిఠాయి షాపులో వృథాగా పోదు. మనుషుల సంగతి వేరు.

కెనడాలోని మిస్సిసాగాలో ఒక ప్లాజా చివర, పళ్ళడాక్టరుకీ డ్రైక్లీనింగుకీ మధ్య ఉందా షాపు. ఓనరు ఇషీదా, అరవైకి దగ్గరపడిన జపాన్ ఆవిడ. మాట పొదుపు. వాసవిని ఆవిడ దగ్గర చేర్పించింది లక్ష్మీకాంతం గారు. తణుకు నుంచి వచ్చి కూతురు అమృత దగ్గరే ఉండిపోయిన అరవయ్యారేళ్ళ మనిషి. ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూచోలేక మూడేళ్ళుగా ఇక్కడ చెస్ట్‌నట్లు వలుస్తోంది. కిందటేడు గుడిలో పరిచయమైన వాసవి, ఎక్కడ అప్లై చేసినా జవాబు రావడం లేదని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, మర్నాడే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఇషీదా ముందు నిలబెట్టింది. కత్తి ఎలా పట్టుకోవాలో నేర్పింది కూడా ఆవిడే.

లక్ష్మీకాంతం గారికి షుగరుంది. అయినా రోజూ మధ్యాహ్నం రెండింటికి ఒక కింటోన్‌ని వెదురుపుల్లతో సగానికి కోసి, సగం వాసవికిచ్చి, సగం తను తీసుకునేది. బోర్లించిన బకెట్ మీద కూచుని, ఆ సగాన్ని మళ్ళీ మూడు ముక్కలు చేసి, ఒక్కోటీ నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేది. నమిలేది కాదు. దానంతటది కరిగేదాకా ఎవరు పిలిచినా పలికేది కాదు. మొదటిరోజు వాసవికి పెట్టి, ఎలా ఉందని అడిగి, సమాధానం వినకుండానే తనే చెప్పేసింది: "పనసగింజకి పట్టాభిషేకం చేసినట్టు లేదుటే అమ్మాయ్!" నిజమే, అచ్చం అలాగే ఉంది. ఉడికిన పనసగింజలోని ఆ పిండితనమే, కాకపోతే వెన్నలా.

అది కార్తీకమాసం మూడో సోమవారం. సోమవారాలు షాపుకి సెలవు. వంటగదిలో మాత్రం వీళ్ళిద్దరూ పనిచేస్తారు, ఇషీదా రాదు. మంగళవారం పొద్దున అరవై షిబుకవానిలు ఒక టీ టీచరు ఇంటికి వెళ్ళాలి. జపాన్ పద్ధతిలో టీ కాచి ఇవ్వడం నేర్పే పెద్దావిడ, ఇషీదాకి ఎప్పటినుంచో కస్టమర్.

ఈ మిఠాయికి ఒక వరస ఉంది. వలిచిన కాయల్ని సోడా ఉప్పు వేసిన నీళ్ళలో మూడుసార్లు మరిగించి, ప్రతిసారీ ఆ నల్లటి నీళ్ళు పారబోయాలి. కాయమీద ఉన్న నరాల్ని పంటిపుల్లతో ఒక్కోటీ లాగెయ్యాలి. ఆ తర్వాత ఉత్త మంచినీళ్ళలో రెండుసార్లు మరిగించాలి, సోడా పోవడానికి. అప్పుడు ఒక కాయ కోసి రుచి చూడాలి. వగరుగానీ సబ్బువాసనగానీ లేకపోతేనే పాకంలో వెయ్యాలి. పొయ్యి దగ్గర ఎవరుంటే వాళ్ళు చూడాలి, ఇది ఇషీదా పెట్టిన రూలు.

పొయ్యి దగ్గర వాసవి ఉంది. వాసవికి ఉపవాసం. కార్తీక సోమవారాలు నాలుగూ చుక్క చూసేదాకా పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టనని పీఆర్ కోసం, అంటే ఈ దేశంలో ఉండిపోయే హక్కు కోసం, మొక్కుకుంది. భర్త వంశీధర్ వర్క్ పర్మిట్ మార్చితో అయిపోతుంది. పీఆర్‌కి చదువునీ ఉద్యోగాన్నీ చూసి వేసే పాయింట్లు అతని ఒక్కడివీ చాలడం లేదు. వాసవి ఏడాదిపాటు బేకర్‌గా చేసినట్టు లెటర్ ఉంటే గట్టెక్కుతారు. ఆ ఏడాది వచ్చే శనివారానికి నిండుతుంది. లెటర్ ఇస్తానని ఇషీదా మాటిచ్చింది.

ఉపవాసం సంగతి తెలిశాక రుచి చూసే బాధ్యత లక్ష్మీకాంతం గారు తన మీద వేసుకుంది. ఇషీదాకి కూడా చెప్పింది, ఈ నెల సోమవారాలు నా నాలుకే అని. మొదటి రెండు సోమవారాలూ వాసవి కాయని కోసి, గరిటెలో పెట్టి, పక్క బల్ల దగ్గర తర్వాతి వాయికి నరాలు తీస్తున్న ఆవిడకి అందించింది. ఆవిడ నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, తల ఊపింది.

మూడో సోమవారం మధ్యాహ్నానికే వాసవికి తలపోటు మొదలైంది. కడుపులో ఏమీ లేదు, గదంతా ఆవిరి. మొదటి మంచినీళ్ళు పారబొయ్యబోతుండగా వంశీధర్ ఫోన్ చేసి లెటర్‌లో ఏ మాటలు తప్పకుండా ఉండాలో చదివి వినిపించాడు. ఫోన్ పెట్టేసేసరికి పొయ్యిమీద గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. అవి మొదటి నీళ్ళో రెండో నీళ్ళో ఒక్క క్షణం అనుమానం వచ్చింది. రెండోవే అనుకుంది. వంగి వాసన చూసింది, బాగానే అనిపించింది. లక్ష్మీకాంతం గారు ఆ బల్ల దగ్గర తలొంచుకుని, కళ్ళజోడు ముక్కుమీదికి జారి, పుల్లతో నరం లాగుతోంది. నాలుగూ పదికి బస్సు. అప్పటికి నాలుగు కావస్తోంది. పిలిచి, కోసి, ఇచ్చి, ఆవిడ కళ్ళు మూసుకుని తెరిచేదాకా ఆగే ఓపిక లేకపోయింది. వాసవి కాయల్ని పాకంలోకి దింపి మూత పెట్టేసింది.

*

బుధవారం పొద్దున ఇషీదా తెల్లటి అట్టపెట్టె తెచ్చి బల్లమీద పెట్టింది. టీ టీచరు ఇంటినుంచి తిరిగొచ్చిన పెట్టె. అక్కడ పద్దెనిమిదిమంది పెద్దవాళ్ళు వరసగా మోకాళ్ళమీద కూచుని తలా ఒకటి తీసుకున్నారట. ఒక్కరూ ఏమీ అనలేదట. ఒకరి తర్వాత ఒకరు కొరికిన కాయని కాగితంలో మడిచి, చేతిసంచుల్లో దాచుకున్నారట. టీచరు కూడా ఫిర్యాదు చెయ్యలేదు. మిగిలినవి అందంగా రిబ్బన్ కట్టి తిప్పి పంపింది. అరిచి ఉంటే బాగుండేదని ఇషీదా అంది.

ఇద్దరికీ చెరొకటి ఇచ్చింది. వాసవి కొరికింది. ముందు పాకం తీపి, వెంటనే సబ్బునీళ్ళు మింగినట్టు, నాలుక అంచులు మొద్దుబారాయి. రెండో నీళ్ళు పెట్టలేదు. ఫోన్‌లో మాట్లాడుతూ మొదటి గిన్నెనే మళ్ళీ మరిగించింది. అంతా ఒక్క కొరుకుతో తెలిసిపోయింది. లక్ష్మీకాంతం గారు కూడా కొరికి, మొహం చిట్లించి, ఏదో తేడాగానే ఉందని ఒప్పుకుంది.

సోమవారం రుచి చూసింది ఎవరని ఇషీదా అడిగింది. గొంతు పెంచలేదు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే దొంగ భుజాలు తడుముకుంటాడంటారు. ఇక్కడ దొంగ కదలకుండా నిలబడింది. ఏ పాపమూ ఎరగని మనిషి భుజాలు తడుముకుంది. "సోమవారాలు నేనే కదా," అంది లక్ష్మీకాంతం గారు తనకొచ్చిన ఇంగ్లీషులో. "చూసే ఉంటాను. చూశాను."

వాసవి నోరు తెరిచింది. ఆ నోట్లో ఇంకా సబ్బురుచి ఉంది. శనివారం అన్న మాట ఒక్కటే తలలో తిరిగింది. తెరిచిన నోరు మూసుకుంది.

వయసుతో నాలుక తగ్గిపోతుందనీ, అందులో తప్పేమీ లేదనీ, షుగరున్నవాళ్ళకి ఇంకా త్వరగా పోతుందనీ ఇషీదా చెప్పింది. పోయిన నెల నరాలు సరిగా తియ్యని కాయలు కూడా కొన్ని దొరికాయని గుర్తుచేసింది. రేపటినుంచి రానక్కరలేదంది. అంటూ నడుం దాకా వంగి నమస్కరించింది కూడా. అంత మర్యాదగా తీసేస్తే మనిషి ఎదురు ఏం మాట్లాడుతుంది? లక్ష్మీకాంతం గారు యాప్రన్ విప్పి, నాలుగు మడతలు పెట్టి, తన కత్తి కడిగి, తుడిచి, యాప్రన్ మీద పెట్టింది. పదకొండింటికే బస్సెక్కాలి కాబట్టి, ఆవిడని స్టాపు దాకా దిగబెట్టి రమ్మని ఇషీదాయే వాసవిని పంపింది.

స్టాపులో సన్నగా వాన పడుతోంది. ఆవిడ చాలాసేపు నాలుకతో పళ్ళు తడుముకుంటూ కూచుంది. చివరికి, "నా నాలుక చచ్చిపోయిందేమోనే అమ్మాయ్," అంది.

అలా అనుకోకండి ఆంటీ, ఒక్కోసారి జరుగుతుంటాయి అంది వాసవి. సిగ్గులేకపోతే సరి.

*

సంగతి విని వంశీధర్ తల పట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు. రెండేళ్ళుగా డెడ్‌లైన్ చూసి డెడ్‌లైన్ చూసి బెదిరిపోయిన మనిషి. ఆంటీకి ఉద్యోగం అవసరం లేదు కదా, కూతురూ అల్లుడూ బాగానే ఉన్నారు కదా, శనివారం లెటర్ చేతికొచ్చాక తీరిగ్గా చెప్పుకోవచ్చు కదా అన్నాడు. మూడు రోజులేగా అన్నాడు. వాసవి కూడా తనకు తాను అదే చెప్పుకుంటోంది కాబట్టి కాదనలేదు.

గురువారం సాయంత్రం లక్ష్మీకాంతం గారు ఫోన్ చేసింది. ఐదు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకదాంట్లో ఉప్పు, ఒకదాంట్లో పంచదార, ఒకదాంట్లో సోడా కలిపి, కలిపిందేదో మర్చిపోవడానికి ఒక గంట పడుకుని లేచి తాగి చూసిందట. అన్నీ సరిగ్గానే తెలిశాయట. మళ్ళీ చూస్తే ఉప్పుదీ సోడాదీ ఒకేలా అనిపించాయట. మధ్యాహ్నం పప్పులో ఉప్పు రెండుసార్లు వేసిందని అల్లుడు చక్రధర్ పక్కకి పెట్టేశాడు. రెండోసారి ఎందుకు వేసిందంటే, మొదటిసారి వేసిన ఉప్పు తెలియలేదేమోనని భయం వేసి వేసింది.

"నువ్వు సోమవారం నాకు గరిటెలో ఇచ్చావా, చేతిలో పెట్టావా?" అని అడిగింది. "అది గుర్తొస్తే మిగతాది గుర్తొస్తుంది నాకు."

వాసవి కిటికీ దగ్గరకి నడిచింది. "గుర్తులేదు ఆంటీ," అంది.

బుధవారం నాటిది మౌనం. ఇది అబద్ధం. ఆ తేడా వాసవికి బాగా తెలిసింది.

శుక్రవారం అమృత ఫోన్ చేసింది. ఆఫీసులో ఎవరికీ వినబడకూడదన్నట్టు నెమ్మదిగా మాట్లాడింది. అమ్మ ఒక్క విషయాన్ని పదిసార్లు అడుగుతోందట, వంటింట్లో గ్లాసులు పెట్టుకుని మధ్యలో ఏడుస్తోందట. ఫ్యామిలీ డాక్టర్‌తో మాట్లాడిందట, మెమరీ టెస్టులకి రిఫర్ చేస్తామన్నారట. పనిలో ఇంతకుముందేమైనా గమనించారా వాసవి గారూ, మీరైతే రోజంతా పక్కనే ఉంటారు కదా అని అడిగింది. అలాంటిదేమీ లేదే అంది వాసవి. మీరు మొహమాటపడుతున్నారు అంది అమృత.

*

శనివారం షాపు కట్టేసే వేళకి ఇషీదా కవరు తెచ్చింది. పనిచేసిన తేదీలు, వారానికి ఎన్ని గంటలు, బేకర్, చేసిన పనులు, కింద సంతకం. వంశీధర్ చదివి వినిపించిన మాటలన్నీ ఉన్నాయి. వాసవి చదువుకుంది. మడిచి కవర్లో పెట్టింది. చేతిలోకొచ్చాక చెప్పొచ్చని కదా అనుకుంది. తీరా చేతిలోకొచ్చాక, పోతుందన్న భయం ఇదివరకటికంటే ఎక్కువైంది. అయినా కవర్ని బల్లమీదే ఉంచి, సోమవారం రుచి ఎవరూ చూడలేదని చెప్పేసింది. ఉపవాసం సంగతి, ఫోన్ సంగతి, నీళ్ళ సంగతి, బస్సు సంగతి అన్నీ చెప్పింది.

ఇషీదా కింటోన్ గుడ్డలు పిండి ఆరేస్తోంది. ఒక్కో గుడ్డా దులిపి, మూలలు సరిచేసి తీగమీద వేస్తూ విన్నది. చివరి గుడ్డ వేశాక, అలాగా అంది. ఇకమీదట సోమవారాలు రుచి చూడలేకపోతే సోమవారం రావద్దని వాసవికి చెప్పింది. కవర్ని వాసవి వైపు జరిపింది.

మరి లక్ష్మీకాంతం గారు?

ఆవిడ చూపు తగ్గిందనీ, చెయ్యి నెమ్మదించిందనీ, ఈ సీజన్ అయ్యాక ఎలాగూ పిలవకూడదనుకున్నాననీ ఇషీదా చెప్పింది. ఎలా చెప్పాలో తెలియక బాధపడుతుంటే ఇది జరిగిందట. ఒకసారి వీడ్కోలు చెప్పినదాన్ని మళ్ళీ కదపడం ఆవిడకే అవమానం అంది. అది కపటమో, ఆవిడ దృష్టిలో దయో, వాసవికి అంతుపట్టలేదు. లైట్లు ఆర్పుతుంటే కవరు తీసుకుని బయటికొచ్చింది. పోతుందనుకున్నది పోలేదు. దక్కుతుందనుకున్నది దక్కలేదు. ఇంటికెళ్ళాక వంశీధర్ లెటర్‌ని రెండుసార్లు స్కాన్ చేశాడు.

*

ఆదివారం మధ్యాహ్నం తలుపు అమృత తీసింది. వాసవి తెచ్చిన షిబుకవాని పెట్టె అందుకుని, అమ్మకి మీరంటే ఎంత ఇష్టమో అంటూ లోపలికి తీసుకెళ్ళింది. వంటిల్లూ హాలూ ఒకటే గది. చక్రధర్ సోఫాలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూచున్నాడు. పొయ్యి నున్నగా తుడిచి ఉంది. ముందువైపు మంట తిప్పే గుండీలు ఐదూ లేవు, వట్టి ఇనప చీలలు పొడుచుకొచ్చి కనిపిస్తున్నాయి. వాసవి చూపు అటు పోవడం చూసి, టెస్టులయ్యేదాకా సేఫ్‌సైడ్ తీసేశామని అమృత గొంతు తగ్గించి చెప్పింది.

లక్ష్మీకాంతం గారు డైనింగ్ టేబుల్ దగ్గర కూచుని ఉంది. ఐదురోజుల్లో మనిషి పీక్కుపోయింది. వాసవిని చూసి మాత్రం మొహం విప్పారింది. పెట్టె తెరిచి ఒక కాయ తీసి, చాలాసేపు దాన్నే చూసింది. కొరికి, కళ్ళు మూసుకోకుండా, వాసవి మొహంలోకి చూస్తూ నమిలింది. "బాగుందా?" అని అడిగింది. తిన్నది తను, అడిగింది వాసవిని. తన నోట్లో ఉన్నదాని సంగతి ఇంకొకరిని అడిగి తెలుసుకోవలసి వచ్చిందే అనుకుంది వాసవి.

"సోమవారం మీరు రుచి చూడలేదండీ," అంది. "నేను మీకు ఇవ్వలేదు. తప్పు నాది."

అమృత మంచినీళ్ళ గ్లాసు పెడుతూ ఆగింది. తర్వాత నవ్వింది, కళ్ళనీళ్ళతో. చూశావా అమ్మా, నీ కోసం నింద నెత్తినేసుకుంటోంది అంది. చక్రధర్ కూడా ల్యాప్‌టాప్ లోంచి తలెత్తి, సో స్వీట్ ఆఫ్ యూ అండీ అన్నాడు.

కాదండీ, నిజంగానే అంది వాసవి. ఫోన్ రావడం, నీళ్ళు మార్చకపోవడం, బస్సుకి టైమైపోవడం చెప్పింది. చెప్పేకొద్దీ వాళ్ళ మొహాల్లో జాలి పెరుగుతోంది. లక్ష్మీకాంతం గారు వాసవి చెయ్యి తన చేతిలోకి తీసుకుని మెల్లగా తట్టడం మొదలుపెట్టింది.

"పిచ్చిపిల్లా. నాకు గుర్తొచ్చిందే నిన్న," అంది. "గరిటెలోనే ఇచ్చావు. నోట్లో వేసుకున్నాను. ఎంత బాగుందో! వేలితో నొక్కితే నలిగిపోయేంత మెత్తగా, కమ్మగా. అంత బాగున్నదాన్ని పద్దెనిమిదిమంది కక్కేశారంటే మరి నాలుకే కదా పోయింది? నా కోసం అబద్ధమాడకు. నీ పీఆర్‌కి దోషం తగులుతుంది."

జరగని దాన్ని ఆవిడ అంత స్పష్టంగా గుర్తుపెట్టుకుంది. ఆ మాటలు విని అమృత అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడు లేచి వెళ్ళిపోతే ఈ ఇంట్లో వాసవి దేవత. దీపావళికీ సంక్రాంతికీ పిలుస్తారు. ఆ చెయ్యి అలాగే తడుతుంటుంది. ఆ పొయ్యి అలాగే ఉంటుంది.

"లెటర్ కోసం ఆంటీ," అంది వాసవి.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఇషీదా శనివారం నాకు పీఆర్ లెటర్ ఇస్తానంది కదా. నిజం చెప్తే ఇవ్వదేమోనని మాట్లాడలేదు. బుధవారం కొరకగానే నాకు తెలిసిపోయింది. మీరు చూశానంటుంటే, అననివ్వు, మంచిదే అనుకున్నాను. గురువారం గరిటెలో ఇచ్చావా అని అడిగారు. గుర్తులేదన్నాను. నాకు గుర్తుంది. నిన్న లెటర్ వచ్చింది. స్కాన్ కూడా చేశాం. ఇవాళ వచ్చాను."

తడుతున్న చెయ్యి ఆగింది.

ఆవిడ వాసవిని చూసింది, ఒక కాయని వెలుతురులో తిప్పి గీత ఉందా లేదా అని చూసినట్టు. తర్వాత తన చెయ్యి తీసేసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఐదురోజులు," అంది. "ఐదురోజులు ఉప్పునీళ్ళు తాగానే నేను."

వాసవి ఆవిడ కాళ్ళ దగ్గరకి వంగబోయింది. ఆవిడ కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుంది.

"అమృతా, ఆ గుండీలు తీసుకురా."

అమృత చక్రధర్ వైపు చూసింది. టెస్టు ఎలాగూ బుక్ చేశాం కదమ్మా, అదయ్యాక, జస్ట్ టు బీ సేఫ్ అంటూ ఏదో చెప్పబోయింది.

"తీసుకురా," అంది ఆవిడ.

గుండీలు సొరుగులో ఒక ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి. ఆవిడ కవర్ని అందుకుని పొయ్యి ముందు నిలబడి, ఒక్కోటీ చీలకి గుచ్చి, చివరిదాకా నొక్కింది. వాసవి గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటోంది. ఎవరూ ఆగమనలేదు. వెనక నీళ్ళు పట్టిన చప్పుడు, పొయ్యిమీద గిన్నె పెట్టిన చప్పుడు వినిపించాయి. చారు పెడుతున్నాను, ఉప్పు ఎంత వెయ్యాలో నాకు ఎవరూ చెప్పక్కరలేదు అని ఆవిడ కూతురితో అంటోంది.